ఆరేసిన ఎర్ర తుండు

పరంజా మొదట్లో ఎర్ర తుండు కట్టి ఉంటే ఎవరూ ఎక్కకూడదు. తుండు లేకపోతే ఎక్కొచ్చు. పరంజా మేస్త్రి శాసనాలు ఈ రెండే. ఇరవై రెండేళ్ళుగా వాటికి సవరణ అవసరం కాలేదు. ఆ ఇరవై రెండేళ్ళలో ఆయన కట్టిన కర్రల మీద నుంచి ఒక్క మనిషి కూడా కింద పడలేదు.

పరంజా అంటే తెలియనివాళ్ళు ఉండరు గానీ, దాన్ని కట్టడం ఒక విద్య అని తెలిసినవాళ్ళు తక్కువ. గోడకు మూరెడు దూరంలో వెదుళ్ళు నిలబెట్టి, అడ్డకర్రలు కట్టి, వాటి మీద పలకలు పరిస్తే తాపీవాళ్ళూ రంగులవాళ్ళూ నిలబడి పని చేసుకుంటారు. పనయ్యాక విప్పేస్తారు. కొత్త మేడ చూడటానికి వచ్చిన చుట్టాలు గోడ బాగుందంటారు, గచ్చు బాగుందంటారు, కిటికీలు బాగున్నాయంటారు. పరంజా బాగా కట్టారండీ అన్నవాడు ఇంతవరకు పుట్టలేదు.

"నా రంగైనా ఫొటోలో పడుతుంది బావా, నీకు ఆ అదృష్టం కూడా లేదు. ఫొటో తీసే ముందే నిన్ను విప్పేస్తారు" అనేవాడు ఆయన చెల్లెలి భర్త. అతను రంగుల పనివాడు. బావలిద్దరూ ఒకరినొకరు బావా అనే పిలుచుకునేవాళ్ళు. పదేళ్ళుగా ఒకే గోడ మీద పని చేసేవాళ్ళు.

తుండు ఎలా మొదలైందో చెప్పాలి. మేస్త్రి పని నేర్చుకునే రోజుల్లో హెచ్చరికంతా నోటితోనే. ఆయన గురువు గొంతు వీధి చివరిదాకా వినిపించేది. "ఎక్కు" అంటే ఎక్కేవాళ్ళు, "ఎక్కొద్దు" అంటే ఆగేవాళ్ళు. ఒకరోజు కింద కాంక్రీటు కలిపే మిషన్ తిరుగుతోంది. పైనుంచి గురువు "ఎక్కొద్దు" అని అరిచాడు. మన భాషలో కాదనే ముక్క మాట చివర్న వస్తుంది. మిషన్ మోత ఆ చివరి ముక్కను మింగేసింది. కింద ఉన్న తాపీ పనివాడికి "ఎక్కు" మాత్రమే వినపడింది. ఎక్కాడు. తుంటి విరిగి, మిగిలిన బతుకంతా ఒక కాలు ఈడ్చుకుంటూ నడిచాడు. వ్యాకరణం వల్ల కూడా ఎముకలు విరుగుతాయని ఏ పంతులూ చెప్పడు.

అది కళ్ళారా చూసిన మేస్త్రి, సొంతంగా పని పట్టిన మొదటి రోజే భుజం మీది ఎర్ర తుండు తీసి నిచ్చెన మొదట్లో కట్టాడు. కట్లు బిగించడం పూర్తయి, తను ఒకసారి పైదాకా ఎక్కి ప్రతి పలక మీదా గెంతి చూసి దిగాకే విప్పేవాడు. చదువొచ్చినవాళ్ళకీ రానివాళ్ళకీ, చెవుడు ఉన్నవాళ్ళకీ లేనివాళ్ళకీ అర్థమయ్యే ఏకైక లిపి అది. ఒక కాంట్రాక్టరు ముచ్చటపడి "జాగ్రత్త! పని జరుగుచున్నది" అని బోర్డు రాయించి తెచ్చాడు. కట్లు గట్టిగా ఉన్నా బోర్డు ఉంటుంది, వదులైనా ఉంటుంది, అందరూ ఇళ్ళకు వెళ్ళిపోయినా పని జరుగుతూనే ఉంటుంది. ఎప్పుడూ మాట్లాడేవాడి మాట ఎవరు వింటారు? నాలుగు రోజుల తర్వాత ఒక తాపీ మేస్త్రి దాన్ని తిరగేసి దాని మీద సిమెంటు కలుపుకుంటూ కనిపించాడు.

ఇంతటి లెక్క ఉన్న మనిషికి బయట ఏం పేరుంది? ఏమీ లేదు. కూతురి బడి ఫారంలో తండ్రి వృత్తి అన్నచోట ఆఫీసులో ఆయన్ని అడిగి, విని, "కూలీ" అని రాసుకున్నారు. చెల్లెలు తన ఇరుగుపొరుగుతో "మా అన్నయ్య, మా ఆయన ఇద్దరూ కన్‌స్ట్రక్షన్ లైన్‌లో ఉన్నారు" అనేది. ఆ లైను ఏ గోడ పక్కన నిలబడి ఉంటుందో వివరించేది కాదు. భర్త ఆమెను ఏడిపించేవాడు.

"పైస్థాయిలో ఉన్నారని కూడా చెప్పవే! ఐదో అంతస్తు, అంతకన్నా పైకి ఎవరు పోయారు మీ వీధిలో?"

"పోరా పోకిరీ" అనలేక, "చాల్లెండి మీ పైస్థాయి" అనేది. తర్వాత గొంతు మార్చి ఒక షరతు గుర్తుచేసేది. "మా అన్నయ్య కట్టిన కర్రలైతేనే ఎక్కండి. ఇంకెవరు పిలిచినా వద్దు. కావాలంటే గేట్లకి, కిటికీలకి రంగులేసుకు బతుకుదాం."

అతను ఆ షరతు తప్పలేదు. వేళాకోళాల మనిషే గానీ పని దగ్గర పిల్లిలా నడిచేవాడు. కడుపులో పుండు ఉండేది కనుక మందు సంగతి అటుంచి, మధ్యాహ్నం టీ కూడా సగం గ్లాసే తాగేవాడు. మిగతా సగం బావకు పోసేవాడు. ఎక్కేముందు నిచ్చెన మొదట్లో చూసేవాడు. తుండు లేదని రూఢి చేసుకుని, "ఎర్రజెండా లేదు, బండి కదలొచ్చు" అని ఒక కూత పెట్టి ఎక్కేవాడు.

ఈ కథ జరిగిన మేడకు ఐదంతస్తులు, నలభై వాటాలు. ఇరవై ఏళ్ళ పాతది. బయటి గోడలకు పగుళ్ళు పూడ్చి రంగులు వేయించాలని అక్కడివాళ్ళు తీర్మానించుకున్నారు. ఆ వాటాదార్ల సంఘానికి సెక్రటరీ ఒక రిటైరైన హెడ్మిస్ట్రెస్. మంచి మనిషి. ఇది వ్యంగ్యంగా అనడం లేదు. పనివాళ్ళకు రోజూ పదకొండింటికి చల్లటి నీళ్ళ క్యాను పంపించేది. ఎవరి మీదా గొంతు పెంచేది కాదు. పని మొదలైన రోజునే చక్కటి దస్తూరీతో నియమాలు రాసి వాచ్‌మన్ గది పక్కన అంటించింది. పనివాళ్ళు లిఫ్టు వాడరాదు. పనివాళ్ళు మెట్లు వాడరాదు, సున్నం కాళ్ళతో మెట్లు పాడవును. పనివాళ్ళు ముందు వరండాలో కూర్చోరాదు.

అంటే ఐదో అంతస్తులో వదిలేసిన బ్రష్షు కావాలంటే మనిషి కర్రల మీదుగానే పైకి పోవాలి. ఆమె మెట్ల శుభ్రం గురించి ఆలోచించింది. మెట్లు మూసేస్తే వాళ్ళకు మిగిలే దారి ఏదో ఆలోచించలేదు. చెడ్డదైతే కనీసం ఆలోచించేది.

ఒకరోజు ఆ మేడలో నాలుగో అంతస్తు బాల్కనీలో ఒక తల్లి పిల్లవాణ్ణి కూర్చోబెట్టుకుని ఎక్కాలు చెప్పిస్తోంది. వాడికి ఏడో ఎక్కం రాదు. బాల్కనీకి మూరెడు దూరంలో, కటకటాలకు అవతల, చెల్లెలి భర్త గోడ గీకుతున్నాడు.

"చదవకపోతే ఏమవుతావో తెలుసా? అదిగో, అలా కర్రలెక్కాల్సి వస్తుంది" అంది ఆ తల్లి, కర్రల మీది మనిషికి చెవులు ఉంటాయన్న అనుమానమే లేకుండా.

"భయపడకు బాబూ, ఏడేళ్ళు నలభై తొమ్మిది" అన్నాడతను గీకుతూనే. "నాకు పదహారో ఎక్కం దాకా వచ్చు. వచ్చినా ఎక్కించారు."

పిల్లవాడు పకపకా నవ్వాడు. తల్లి వాణ్ణి లోపలికి తీసుకుపోయి తలుపు వేసింది. పక్క కర్ర మీద ఉన్న మేస్త్రి "నీకెందుకు బావా, ఊరుకోక" అన్నాడు. మేస్త్రి స్వభావం అది. ఆయన మీద మాట పడితే పక్కకి జరిగిపోయేవాడు.

రెండో వారంలో ఒక సాయంత్రం గాలివాన వచ్చింది. తాడు తడిస్తే బిగుస్తుంది, ఆరేటప్పుడు వదులవుతుంది. కనుక వాన పడుతున్నప్పుడు కాదు, మర్నాడు ఎండ కాసినప్పుడు అసలు ప్రమాదం. పొద్దున్నే మేస్త్రి ముందువైపు కర్రలన్నీ చేత్తో ఊపి చూశాడు. నాలుగో అంతస్తు దగ్గర రెండు అడ్డకర్రల కట్లు వదులయ్యాయి. కొత్త తాడుతో కట్టాలని పాత కట్లు కోసేశాడు. అడ్డకర్రలు వెదురు కణుపుల మీద ఆనుకుని ఉండటంతో పలకలు మాత్రం పైన అలాగే ఉన్నాయి. కింద నుంచి చూసేవాడికి అంతా మామూలుగానే కనిపిస్తుంది. కిందికి దిగి, నిచ్చెన మొదట్లో ఎర్ర తుండు కట్టి, తాడు కోసం సెల్లారులోని సామాన్ల గదికి బయల్దేరబోతుండగా సెక్రటరీ గారు గేటు వైపు నుంచి వచ్చింది. పక్కన కాంట్రాక్టరు పెట్టిన సూపర్‌వైజరు ఉన్నాడు.

"బాబూ, ఈ తుండు నీదేనా?"

మేస్త్రికి యాభై ఒకటి. ఆ వయసులో కూడా మనిషిని బాబూ అని పిలిపించే వృత్తులు కొన్ని ఉన్నాయి.

"నాదేనమ్మా."

"ఇక్కడ ఆరేస్తే ఎలా చెప్పు? మూడో అంతస్తు వాళ్ళకి చుట్టాలొస్తున్నారట. గేటు తెరవగానే ఇదే కనిపిస్తోందని ఫోన్ చేశారు. వెనకాల తీగ కట్టించాను కదా, మీ బట్టలకోసమే. అక్కడ ఆరేసుకో."

"ఎన్నిసార్లు చెప్పినా అంతేనమ్మా వీళ్ళు" అన్నాడు సూపర్‌వైజరు. అతను ఇంతకుముందు ఎప్పుడూ ఏమీ చెప్పలేదు. "తీసెయ్ మేస్త్రీ, ముందు తీసెయ్."

"అలాగేనమ్మా" అన్నాడు మేస్త్రి. విప్పాడు. మడిచి భుజాన వేసుకున్నాడు.

బట్ట కాదమ్మా, గుర్తు. మూడు మాటలు. అవి ఎందుకు అనలేకపోయావని తర్వాత ఆయన్ని అడగనివాళ్ళు లేరు. సులభమైన ప్రశ్న అది, అడిగేవాళ్ళకి. అక్కడ కూర్చోకు, ఆ పంపు ముట్టుకోకు, పక్కకి జరుగు, చెప్పులు విప్పు అని ముప్ఫై అయిదేళ్ళుగా విన్న మనిషికి, చెప్పింది బుర్రలోకి వెళ్ళేలోపలే నాలుక జవాబు చెప్పేస్తుంది. ఇంకో సంగతి కూడా ఉంది. ఇది ఆయన తర్వాత ఎప్పుడో భార్యతో చెప్పుకున్నాడు. సెక్రటరీ గారు ఆ తుండు వైపు చూస్తున్నప్పుడు ఆయన కూడా చూశాడు. రంగు వెలిసిపోయి ఉంది. ఒక మూల చిరుగు. మధ్యలో మెడ చెమట మరక. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి ఆయనకు అది గుర్తులా కనిపించలేదు, మాసిన తుండులా కనిపించింది. సిగ్గేసింది. సిగ్గుపడినవాడు వాదించడు.

నోటితో చెబుదామనుకున్నాడు. ముందువైపు ముగ్గురు రంగులవాళ్ళు ఉన్నారు. "నాలుగో అంతస్తు కట్లు తీశాను, ఎవరూ ఎక్కకండి. బావ వెనకాల బ్రష్షులు కడుగుతున్నాడు, చెప్పండి" అని సెల్లారులోకి వెళ్ళాడు. ముగ్గురూ ఊఁ అన్నారు. ముగ్గురికి చెప్పిన మాట ఎవరికీ చెప్పనట్టే. ఈలోపు టీ వచ్చింది.

చెల్లెలి భర్త మేడ పక్క సందులోంచి ముందుకు వచ్చాడు. అతని రంగు డబ్బా ఐదో అంతస్తులో ఉంది. అప్పుడు అతన్ని చూసింది ఒక్క వాచ్‌మన్. నిచ్చెన మొదట్లో ఆగాడట. కిందికి చూశాడట. తుండు కట్టే కర్ర మీద చెయ్యి వేసి అటువైపుకి కూడా తొంగి చూశాడట. రోజూ పెట్టే కూత పెట్టి ఎక్కాడట.

మేస్త్రి చేతిలో తాడు చుట్టతో సెల్లారు వాలు ఎక్కి వస్తుండగా పలకల చప్పుడు వినపడింది.

ఆస్పత్రిలో సాయంత్రం నాలుగు గంటలకు అతను పోయాడు. అప్పటికే మేడ బాల్కనీల్లో ఒక మాట పుట్టి పెరిగింది. రెండో అంతస్తు పెద్దమనిషి "తాగుంటాడు పాపం" అన్నాడు. అందులో కసి ఏమీ లేదు. మబ్బు చూసి వానొస్తుందేమో అన్నట్టు అన్నాడు. సాయంత్రానికి ఆ మాట లిఫ్టులో పైకీ కిందికీ తిరిగి, తాగున్నాడట అయింది. ఆస్పత్రి వరండాలో సూపర్‌వైజరు గొంతు తగ్గించి చెల్లెల్ని అడిగాడు.

"అమ్మా, మీ ఆయనకి ఏమైనా అలవాటు ఉందా? పొద్దున పూట?"

ఆమెకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఏడుపు ఆపి అతని వైపు చూసింది. "మా ఆయన కడుపులో గ్లాసు టీ కూడా నిలవదు బాబూ. ఎవరన్నారు ఆ మాట? పేరు చెప్పు."

అతను పేరు చెప్పలేదు. అలాంటి మాటలకు పేర్లు ఉండవు.

ఆమె అన్నయ్య వైపు తిరిగింది. "అన్నయ్యా, తుండు కట్టి ఉందా?" మేస్త్రి గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు. తల ఎత్తలేదు. దుఃఖం అనుకుని ఆమె మళ్ళీ అడగలేదు.

మూడో రోజు సూపర్‌వైజరు మేస్త్రి ఇంటికి వచ్చాడు. కుర్చీలో అంచు మీద కూర్చున్నాడు.

"రేపు కార్మికుల ఆఫీసులో నిన్ను అడుగుతారు మేస్త్రీ. గుడ్డ కట్టే ఉంది, అతనే చూసుకోకుండా ఎక్కాడు అని చెప్పు. అంతే. పోయినవాడు ఎలాగూ పోయాడు. నీ పేరు పోకూడదు కదా? ఇరవై ఏళ్ళ పేరు!"

"ఇరవై రెండు" అన్నాడు మేస్త్రి.

"అదే. నేను సాక్ష్యం చెప్తాను. సెక్రటరీ గారికి కూడా ఇబ్బంది ఉండదు."

ఆయన పేరు గురించి ఇంత శ్రద్ధ చూపించినవాడు ఆ ఇరవై రెండేళ్ళలో ఇతనొక్కడే. అబద్ధం కోసం తప్ప ఆ పేరు ఎవరికీ అవసరం పడలేదు.

సూపర్‌వైజరు వెళ్ళగానే మేస్త్రి చొక్కా తొడుక్కుని చెల్లెలి ఇంటికి నడిచాడు. రెండు గదుల ఇల్లు. ముందు గదిలో ఏడేళ్ళ మేనకోడలు గోడకు కాళ్ళు ఆనించి పడుకుని పుస్తకంలో బొమ్మలకు రంగులు వేస్తోంది. చెల్లెలు వెనక గదిలో భర్త చొక్కాలు మడతపెడుతోంది. రంగు మరకలున్నవి ఒక పక్క, లేనివి ఒక పక్క.

"తుండు లేదమ్మా" అన్నాడు గుమ్మంలోనే నిలబడి.

ఆమె చేతులు ఆగాయి. "కట్టలేదా?"

"కట్టాను. తీసేశాను."

"ఎవరు తీశారు?"

"నేనే తీశాను. ఆరేయొద్దన్నారు. బట్టలు ఆరేశాననుకున్నారు."

"ఆరేయలేదని చెప్పలేదా?"

ఆయన భుజం తడుముకున్నాడు.

"నోరు లేదా అన్నయ్యా నీకు? ఆయనకి ఉండేదే, ప్రతిదానికీ ఏదో ఒకటి అనేవాడే, ఊరుకో ఊరుకో అని నువ్వే నోరు మూయించేవాడివే. ఒక్క ముక్క. గుర్తండీ అది అని ఒక్క ముక్క అంటే ఆవిడ కొడుతుందా నిన్ను?"

"కొట్టదు."

"మరి?"

ముందు గదిలో పిల్ల రంగు పెన్సిలు చప్పుడు ఆగింది. చెల్లెలు లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చింది. వేరే మనిషి గొంతుతో, "అయితే ఆయన చూసే ఎక్కాడు" అంది.

"చూసే ఎక్కాడమ్మా. వాచ్‌మన్ చూశాడట. కర్ర వెనక కూడా చూశాడట."

"అది రాయించు. ఎక్కడ రాస్తారో అక్కడ రాయించు. తాగి పడ్డాడని, చూసుకోకుండా పడ్డాడని నా కూతురు జన్మంతా వినకూడదు. నీ పని పోతుందో ఉంటుందో నాకు తెలీదు. ఇది మాత్రం రాయించు."

మర్నాడు ఆయన కార్మికుల ఆఫీసుకు వెళ్ళాడు. అక్కడి ఆఫీసరు కుర్చీ వీపుకి తెల్లటి తువ్వాలు పరిచి ఉంది. దాన్ని ఎవరో ఆరేశారని ఎవరూ అనుకోరు.

"హెచ్చరిక బోర్డు పెట్టావా?"

"బోర్డు కాదండి. తుండు."

"తుండేంటి?"

చెప్పాడు. ఎక్కొద్దు, ఎక్కు దగ్గర్నుంచి చెప్పాడు. బహుశా తన బతుకులో ఒక కుర్చీ ముందు నిలబడి అంతసేపు మాట్లాడటం అదే మొదలు. ఆఫీసరు వినలేదని చెప్పలేం. పెన్ను కింద పెట్టి విన్నాడు. తర్వాత పెన్ను తీసుకుని, "ఈ ఫారంలో తుండుకి గడి లేదయ్యా. హెచ్చరిక ఫలకం ఉందా, లేదా, అంతే అడుగుతారు" అన్నాడు.

"ఉందండి. తీశానండి."

"అంటే లేదు."

"తీయమన్నారండి."

"ఎవరు?"

సెక్రటరీ గారిని కూడా పిలిచారు. ఆమె కళ్ళు తుడుచుకుంటూనే చెప్పింది. "బట్టలు ఆరేయొద్దన్న మాట నిజమే. ప్రమాద సూచన తీసెయ్యమని నేనెందుకంటానండీ? ఒక్క మాట చెబితే నేనే అక్కడ కాపలా ఉండేదాన్ని." ఆమె అబద్ధం ఆడలేదు. నిజంగా ఉండేది కూడా. ఇందులో ఎవరూ అబద్ధం ఆడాల్సిన అవసరమే రాలేదు, అదే ఇందులోని ఘోరం. ఆమె అన్నది ఒక తుండు గురించి, ఆయన విప్పింది ఇంకో తుండు. రెండూ ఒకటేనని అక్కడ తెలిసిన ఒకే ఒక్కడు సిగ్గుపడి ఊరుకున్నాడు.

వాచ్‌మన్ కూడా తను చూసింది చెప్పాడు. నివేదికలో రెండు వాక్యాలు వచ్చాయి. మృతుడు మద్యం సేవించి ఉన్నట్లు గానీ, అజాగ్రత్తగా ప్రవర్తించినట్లు గానీ ఆధారం లేదు. హెచ్చరిక సూచన ఏర్పాటు చేయని పరంజా మేస్త్రి నిర్లక్ష్యమే ప్రమాదమునకు కారణం.

ఆ వారంలోనే మేడలో సంతాపసభ జరిగింది. కార్లు జరిపి సెల్లారులో కుర్చీలు వేశారు. రెండు నిమిషాలు మౌనం పాటించారు. శ్రమజీవులే దేశానికి వెన్నెముక అని ఒకాయన, చెమట చుక్కలోనే దేవుడున్నాడని ఇంకొకాయన చెప్పారు. దేవుడున్న చెమట మరక తుండు మీద కనిపిస్తే ఫోన్ చేసినవాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు. ఇలాంటి మాటలతో నాకు పేచీ ఇదే. మనిషిని వెన్నెముకను చేసి, దేవుణ్ణి చేసి, ఆకాశానికి ఎత్తుతారు గానీ మెట్లు ఎక్కనివ్వరు. సభ జరిగిన రోజు కూడా వాచ్‌మన్ గది పక్కన ఆ కాగితం అలాగే ఉంది. తర్వాత ఇనుప గొట్టాల పరంజాతో వేరే ముఠా వచ్చి మిగతా గోడకు రంగు వేసింది. వాళ్ళు మంచి ఎర్రక్షరాల బోర్డు పెట్టారు. పని పూర్తయి వెళ్ళిపోయాక కూడా అది చాలా రోజులు అక్కడే ఉంది.

నివేదిక నకలు చేతికి రావడానికి నెలన్నర పట్టింది. మేస్త్రి దాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని ఒక ఆదివారం మధ్యాహ్నం చెల్లెలి ఇంటికి తీసుకెళ్ళాడు. ఆమె నిలబడే చదివింది. మొదటి వాక్యం రెండుసార్లు చదివింది. పెదవులు కదిలాయి. రెండో వాక్యం కూడా చదివింది. కాగితం మడిచి బీరువాలో, కూతురి బడి కాగితాల మధ్య పెట్టింది.

"భోంచెయ్" అంది.

పీట వేసి వడ్డించింది. ఆయన తింటున్నంతసేపూ ఎదురుగా కూర్చుంది. ఇంకాస్త వేసుకో అని అడిగింది. వద్దన్నా వేసింది. చిన్నప్పుడు అమ్మ లేని ఇంట్లో ఆయన ఆమెకు అలాగే పెట్టేవాడు. ఆయన చెయ్యి కడుక్కుని వచ్చాక, నేల మీద పడ్డ మెతుకులు ఏరుతూ, తల ఎత్తకుండా చెప్పింది.

"నువ్వు చెప్పబట్టి ఆయన పేరు నిలబడింది. అది మర్చిపోను. ఇంకెవరైనా అయితే చెప్పేవాళ్ళు కాదు, అదీ తెలుసు నాకు. కానీ నువ్వు గుమ్మంలోకి వస్తుంటే ఆ నిచ్చెనే కనిపిస్తోంది అన్నయ్యా. ఆయన దాని దగ్గర ఆగి చూడటం కనిపిస్తోంది. నేనే పంపించాను ఆయన్ని, మా అన్నయ్య కర్రలైతేనే ఎక్కమని. కొన్నాళ్ళు రాకు."

ఎన్నాళ్ళని ఆయన అడగలేదు. అడిగితే ఆమె లెక్క కట్టాల్సి వస్తుంది. చెప్పుల కోసం గుమ్మం దగ్గరికి వచ్చాడు. మేనకోడలు పరుగెత్తుకొచ్చి చొక్కా అంచు పట్టుకుంది.

"మావయ్యా, మళ్ళీ ఎప్పుడొస్తావ్? వచ్చే ఆదివారమా?"

ఆయన పిల్ల తల మీద చెయ్యి వేసి చెల్లెలి వైపు చూశాడు. ఆమె గిన్నెలు తీస్తూ, అటు తిరిగే జవాబు చెప్పింది.

"మావయ్యకి పనుందమ్మా. చాలా పనుంది. విడిచిపెట్టు."

నివేదికలో పేరు పడ్డ మేస్త్రిని ఆ నెలన్నరలో ఒక్కరూ పనికి పిలవలేదు. పిల్ల చొక్కా వదిలేసింది.